కాపురం నిలబెట్టే వకీళ్ళు మనకొద్దు

"మల్లొక్కసారి పోయి చూడమన్నడు మా వకీలు సాబు. మొగుడెట్లున్నా మొగుడే గదా అన్నడు. పోయిన. ఇగో, చూసి వచ్చిన" అంటూ ఆమె ఎడమచెయ్యి నా ముందుకు చాపింది. మోచేతి కింద విరిగిన ఎముక సరిగ్గా అతకక చెయ్యి వంకర తిరిగి ఉంది.

నారాయణ్‌ఖేడ్‌లో పొదుపు సంఘాల స్త్రీలతో కూర్చున్నప్పటి మాట ఇది. తెలుగు, ఉర్దూ, కన్నడం, మరాఠీ, లంబాడీ అన్నీ ఒకే బజారులో వినబడే ఊరు. చెరుకు కొట్టటానికి నెలల తరబడి వలసపోయే తండాలు చుట్టూ ఉన్న ప్రాంతం. ఆ రోజు వాళ్ళని నేనడిగింది ఒకటే ప్రశ్న: "కోర్టు పనికి పోయినప్పుడు మీ వకీలు మొట్టమొదట మిమ్మల్నేమడిగారు?" జవాబులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. "నీ తప్పేం లేదా అన్నడు." "పిల్లల మొకం చూసి సర్దుకపోరాదా అన్నడు." "అత్తమామలతోని పంచాయితీ పెట్టిద్దమా అన్నడు." "తోలుకపోతనంటే పోతవా అన్నడు." ఇవాళ ఎక్కడ పడుకుంటున్నావు, పిల్లలకు తిండి ఎట్లా, నెలకు ఎంత ఉంటే బతకగలవు అని తనను ముందుగా అడిగారని చెప్పిన మనిషి ఆ గదిలో లేదు.

నేను సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని, వకీలును కాను. ఇరవై ఏళ్ళుగా కోర్టు వరండాల్లో ఆడవాళ్ళ పక్కన కూర్చుని వాళ్ళు చెప్పింది రాసుకోవటం నా పని. ఆ అనుభవంతో ఒక మాట చెప్పదలచుకున్నాను. కుటుంబ కేసులు చూసే వకీలుకు ఎన్ని సెక్షన్లు తెలుసు అన్నది రెండో సంగతి. ఆయన లేదా ఆమె ఎవరిని నిలబెట్టటానికి కూర్చున్నారు, కాపురాన్నా, మనిషినా, అన్నది మొదటి సంగతి. ఈ రెంటినీ ఒకటిగా చూపించటంలోనే పితృస్వామ్యం నేర్పు ఉంది.

ఈ దేశంలో కుటుంబ న్యాయస్థానాలు కావాలని గట్టిగా అడిగిన తొలితరం మనుషుల్లో ఒకరు మన తెలుగు వకీలే అన్న సంగతి మనలో చాలామందికి గుర్తుండదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1909లో రాజమండ్రిలో పుట్టింది. ఎనిమిదో ఏట పెళ్ళి చేశారు. పదిహేనేళ్ళ వయసు వచ్చేసరికి ఆ పెళ్ళిలో ఉండనని ఆమే చెప్పేసింది. ఇంటివాళ్ళు ఆమె మాటను మన్నించారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళింది, తర్వాత చదువు అందుకుని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఏ., మద్రాసులో లా చదివి, మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు చేసింది. 1946లో రాజ్యాంగ సభలో అడుగుపెట్టింది. 1953లో చైనా వెళ్ళినప్పుడు అక్కడి కుటుంబ న్యాయస్థానాల పనితీరు చూసి, అటువంటివి మనకూ కావాలని నెహ్రూతోనూ, ఛాగ్లా, గజేంద్రగడ్కర్ వంటి న్యాయమూర్తులతోనూ మాట్లాడింది. 1981లో చనిపోయింది. ఫామిలీ కోర్టుల చట్టం వచ్చింది 1984లో.

ఆమె ప్రయాణంలో మనం గమనించవలసింది ఒకటుంది. కుటుంబ న్యాయస్థానం కావాలన్న ఆ మనిషి తనకు పనికిరాని పెళ్ళిలోంచి ఏ కోర్టూ ఎక్కకుండా బయటికి నడిచిన మనిషి. "మల్లొక్కసారి పోయి చూడు" అని ఆమెను ఇంటివాళ్ళు వెనక్కి పంపి ఉంటే మనకు దుర్గాబాయి ఉండేది కాదు.

మరి వచ్చిన చట్టం ఏం చెప్పింది? రాజీని ప్రోత్సహించటం, తగాదాలను తొందరగా తేల్చటం తన ఉద్దేశమని ఉపోద్ఘాతంలోనే రాసుకుంది. రాజీకి ప్రయత్నించటం కోర్టు బాధ్యత అని తొమ్మిదో సెక్షన్ చెప్పింది. పార్టీలకు వకీలును పెట్టుకోవటం హక్కు కాదని పదమూడో సెక్షన్ చెప్పింది. పది లక్షల జనాభా దాటిన నగరాల్లో ఈ కోర్టు పెట్టి తీరాలన్నది, మిగతా చోట్ల ప్రభుత్వం అవసరమనుకుంటే పెట్టవచ్చన్నది. తొందరగా తేల్చటం మన కోరికే. రాజీ మాత్రం ఎవరికోసం? కొట్టేవాడికీ దెబ్బలు తినేదానికీ మధ్య రాజీ అంటే ఎవరు ఎంత తగ్గాలి? ఆ ప్రశ్న చట్టం వేసుకోలేదు. దానికి రోజూ జవాబు చెప్పేది కింద ఉన్న వకీలే.

అదే 1984లో ఇంకొకటి జరిగింది. అంతకు ముందేడు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఏ. చౌదరి సరిత కేసులో తీర్పు ఇస్తూ, హిందూ వివాహ చట్టంలోని తొమ్మిదో సెక్షన్, అంటే దాంపత్య హక్కుల పునరుద్ధరణ, రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. ఇష్టంలేని స్త్రీని భర్త దగ్గరికి పొమ్మని కోర్టు చెప్పటం ఆమె శరీరం మీద ఆమెకున్న హక్కును లాక్కోవటమేనని ఆ తీర్పు సారాంశం. మన రాష్ట్రం నుంచి ఈ దేశపు స్త్రీలకు అందిన గొప్ప తీర్పు అది. 1984 ఆగస్టులో సుప్రీంకోర్టు వేరే కేసులో ఆ వాదన చెల్లదన్నది. వివాహాన్ని కాపాడటం ఆ సెక్షన్ ప్రయోజనమన్నది. సెప్టెంబరులో ఫామిలీ కోర్టుల చట్టం వచ్చింది. నెల తేడాలో రెండూ ఒకే పాట పాడాయి.

ఆ తొమ్మిదో సెక్షన్ ఇప్పటికీ బతికే ఉంది. ఏ పనికి బతికి ఉందో వరండాల్లో కూర్చున్నవాళ్ళకు తెలుసు. భార్య భరణం అడిగిందంటే చాలు, భర్త తరఫు వకీలు "కాపురానికి రమ్మంటున్నాం, ఆమే రావటంలేదు" అని ఒక పిటిషన్ పడేస్తాడు. భార్య మీద ప్రేమ పొంగి వేసే పిటిషన్ కాదది, భరణం ఎగ్గొట్టే ఎత్తు. సరైన కారణం లేకుండా విడిగా ఉండే భార్యకు భరణం రాదని చట్టంలో ఉన్న మాటను పట్టుకుని వేసేది. 2025 జనవరిలో సుప్రీంకోర్టు రీనా కుమారి కేసులో ఈ ఎత్తును కొంత విరిచింది. కాపురానికి వెళ్ళమన్న డిక్రీ ఉన్నంత మాత్రాన, ఆమె వెళ్ళనంత మాత్రాన, భరణం దానంతటదే పోదని, ఆమె ఎందుకు వెళ్ళలేదో చూడాలని చెప్పింది. ఈ తీర్పును తాలూకా కోర్టులో మన మనిషి తరఫున ఎత్తి చూపే వకీలు కావాలి. దాన్ని చదివీ "పోనీ ఒకసారి పోయి చూడు" అనే వకీలు, భర్త తరఫు వకీలు చెయ్యాల్సిన పనిని ఫీజు లేకుండా చేసిపెడుతున్నట్టే.

చిన్న ఊరి కోర్టులో వకీలు బతుకు నాకు తెలియనిది కాదు. కొత్తగా నల్లకోటు వేసుకున్న మనిషి సీనియరు దగ్గర చేరితే భూమి కేసులు, బెయిళ్ళు సీనియరువి. "ఆడోళ్ళ కేసులు" జూనియరువి, అందులోనూ జూనియరు స్త్రీ అయితే తప్పకుండా ఆమెవి. ఫీజు తక్కువ, పేషీలు ఎక్కువ, ఏడుపు వినాలి. అందుకే కేసు తొందరగా వదిలించుకోవాలన్న తొందర. రాజీ అయితే ఫైలు మూతపడుతుంది. ఊళ్ళో అందరికీ మంచివాళ్ళవుతారు. మగవాడి తరఫు పెద్దమనుషులు రేపు భూమి కేసుతో తమ దగ్గరికే రావచ్చు. కాపురాన్ని నిలబెట్టామన్న పుణ్యం అదనం. వకీలు దుర్మార్గుడు కానక్కరలేదు, ఆ ఏర్పాటు అటే తోస్తుంది.

తోసిన దిక్కుకు పోవటాన్ని మాత్రం నేను క్షమించలేను. ఎందుకంటే ఈ పనిలో నేనూ చెయ్యి వేశాను.

పదిహేనేళ్ళ కిందట నేనొక కౌన్సెలింగ్ కేంద్రంలో వారానికి రెండు రోజులు కూర్చునేదాన్ని. ఇద్దరు పిల్లల తల్లి ఒకామె వచ్చింది. భరణం కేసు వేసి పద్నాలుగు నెలలైంది, ఇంకా మధ్యంతర భరణం కూడా రాలేదు. భర్త వచ్చి ఏడ్చాడు. తాగనన్నాడు, కొట్టనన్నాడు. నేను తెల్లకాగితం తీసి రాజీ షరతులు అందంగా రాశాను. ఇద్దరూ సంతకాలు చేశారు. వకీలు కోర్టులో "కేసు నడపదలచుకోలేదు" అని చెప్పి పిటిషన్ తీసేశాడు. మా రిజిస్టరులో నేను "పరిష్కారమైంది" అని రాశాను. ఏడాదిన్నరకు ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి చిన్నపిల్ల ఒక్కతే వెంట ఉంది, కొడుకును వాళ్ళు ఉంచేసుకున్నారు. కొత్త పిటిషన్ వెయ్యాల్సి వచ్చింది. పాతది ఉండి ఉంటే ఆ తేదీ నుంచి భరణం అడిగే వీలుండేది. ఆ తేదీని చెరిపేసింది ఆమె భర్త కాదు. నేనూ, ఆమె వకీలూ కలిసి చెరిపేశాం. నేను రాసిన తెల్లకాగితానికి కోర్టులో కాగితం విలువ కూడా లేకపోయింది. "అక్కా, నువ్వు చెప్పినవని పోయిన" అని మాత్రం అన్నదామె. తిట్టి ఉంటే బాగుండేది.

అప్పట్నుంచి నేను తేదీల పిచ్చిదాన్నయ్యాను. పిటిషన్ వేసిన తేదీ స్త్రీ ఆస్తి. 2020 నవంబరులో రజనీష్ వర్సెస్ నేహా తీర్పులో సుప్రీంకోర్టు, భరణం పిటిషన్ వేసిన తేదీ నుంచే ఇవ్వాలని, ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తి, అప్పులు ప్రమాణపత్రంలో చూపాలని స్పష్టం చేసింది. అంటే కేసు ఎన్నేళ్ళు నడిచినా ఆ డబ్బు పోగవుతూనే ఉంటుంది, పిటిషన్ బతికి ఉన్నంతవరకు. ఇంకో తేదీ ఉంది. భరణం ఆర్డరు వచ్చాక భర్త కట్టకపోతే, బాకీ పడిన రోజు నుంచి ఏడాది లోపల వసూలుకు దరఖాస్తు పెట్టాలి. పెట్టకపోతే వారంటు దారి మూసుకుపోతుంది. పాత 125వ సెక్షన్‌లో ఉన్న ఈ గడువు, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్‌లోనూ ఉంది. వలసపోయిన స్త్రీకి ఈ గడువు ఎవరు గుర్తుచేస్తారు? చెరుకు తోటలో ఉన్న మనిషికి ఫోను చేసి "నీ ఏడాది అయిపోతున్నది, వచ్చి సంతకం పెట్టు" అని చెప్పే వకీలే నా దృష్టిలో కుటుంబ న్యాయవాది.

"కొందరు ఆడవాళ్ళు నిజంగానే తిరిగి పోదామనుకుంటారు కదా, మీరెవరు వద్దనటానికి?" అని నన్ను అడుగుతారు. నేను వద్దనను. పిల్లలకోసం, ఇంటికోసం, ఒక్కోసారి ఆ మనిషి మీద ఇంకా మిగిలిన ఇష్టంకోసం ఆమె పోతానంటే అది ఆమె నిర్ణయం. అయితే చేతులూపుకుంటూ పోవాలా, చేతిలో ఏదైనా పట్టుకుని పోవాలా? 2005 గృహహింస చట్టం కింద వచ్చిన రక్షణ ఉత్తర్వు, ఆమె తనంతట తాను రద్దు కోరేదాకా అమలులో ఉంటుంది. అదే ఇంట్లో అతనితో ఉంటూ కూడా ఆ ఉత్తర్వును దగ్గర పెట్టుకోవచ్చు. దాన్ని అతను మీరితే ఏడాది వరకు జైలు, ఇరవై వేల వరకు జరిమానా పడవచ్చు. ఆ చట్టం కింద ఆమె ప్రస్తుతం తలదాచుకున్న ఊరి మేజిస్ట్రేటు దగ్గరే దరఖాస్తు పెట్టుకోవచ్చు, అత్తగారి ఊరి కోర్టుకు పరిగెత్తనక్కరలేదు. 2006 నియమాలైతే కౌన్సెలింగులో కొట్టటానికి కారణాలు చెప్పుకునే అవకాశం మగవాడికి ఇవ్వకూడదన్నాయి. "కూర మాడ్చింది, ఎదురు మాట్లాడింది" అని అతను మొదలుపెడితే ఆపాలి. మన కేంద్రాల్లో ఎంతమందిమి ఆపుతున్నాం? "ఆమెదీ కొంచెం తప్పుందిలే" అని మనమే తలాడించటంలేదా?

పైన కూర్చున్నవాళ్ళకూ ఈ కాపురం పిచ్చి తక్కువేమీ లేదు. 2017లో సుప్రీంకోర్టు, 498ఏ ఫిర్యాదులను ముందు కుటుంబ సంక్షేమ కమిటీలు చూడాలన్నది. స్త్రీల సంఘాలు గొడవ చేస్తే 2018లో ఆ కమిటీలు చెల్లవని తనే చెప్పింది. 2025 జూలైలో, అలహాబాద్ హైకోర్టు 2022లో పెట్టిన అటువంటి కమిటీల పద్ధతినే ఆమోదించింది. ఫిర్యాదు చేసిన స్త్రీ రెండు నెలలు ఆగాలట. విరిగిన చెయ్యి రెండు నెలలు ఆగుతుందా?

నారాయణ్‌ఖేడ్ వంటి చోట ఇంకో చిక్కుంది. కుటుంబ చట్టమంటే హిందూ వివాహ చట్టమే అనుకునే వకీలు అక్కడ సగం మందికి పనికిరాడు. లంబాడీలు తెలంగాణలో 1976 సవరణ చట్టంతో షెడ్యూల్డ్ తెగల జాబితాలోకి వచ్చారు. కేంద్రం నోటిఫై చేస్తే తప్ప హిందూ వివాహ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదని ఆ చట్టం రెండో సెక్షనే చెబుతుంది. తండా స్త్రీ తరఫున ఆలోచించకుండా ఆ చట్టం కింద విడాకుల పిటిషన్ వేస్తే, ఎదుటి పక్షం లేచి ఆ మాట అంటే, ఏళ్ళ శ్రమ గడప దగ్గరే కూలబడవచ్చు. భరణం సెక్షన్, గృహహింస చట్టం కులం, మతం, తెగ చూడవు. ముందు పట్టుకోవలసినవి అవి.

ముస్లిం స్త్రీ విషయంలో కూడా అంతే. "మీకు మీ చట్టం ఉంది, ఇద్దత్ మూడు నెలలతో సరి" అని తలుపు మూసే వకీళ్ళను నేను చూశాను. 2001లో డేనియల్ లతీఫీ తీర్పే ఆ మాట తప్పని చెప్పింది. 2024 జూలై 10న తెలంగాణ నుంచి వెళ్ళిన కేసులోనే సుప్రీంకోర్టు, విడాకులు పొందిన ముస్లిం స్త్రీ 125వ సెక్షన్ కింద భరణం అడగవచ్చని తేల్చింది. ఫామిలీ కోర్టు నెలకు ఇరవై వేలన్నది, హైకోర్టు పదివేలకు తగ్గించింది, అసలే ఇవ్వనని భర్త ఢిల్లీ దాకా పోయాడు. ఓడిపోయాడు. మన రాష్ట్రపు స్త్రీ గెలిచిన ఈ కేసు మన తాలూకాల్లోని ముస్లిం స్త్రీలకు తెలియాలంటే ఉర్దూలో చెప్పగలిగినవాళ్ళు కావాలి. స్త్రీల హక్కుల పేరుతో ముస్లింలను తిట్టటానికి ఈ తీర్పును వాడుకునేవాళ్ళు కావలసినంతమంది ఉన్నారు, వాళ్ళతో మనకు పనిలేదు.

చివరికి ఫీజు. దీని గురించి మనం మాట్లాడటానికి మొహమాటపడతాం. ఒకేసారి భరణం మొత్తం ఇప్పించి అందులో ఇంత వాటా నాదనే వకీళ్ళ గురించి ప్రతి ఊళ్ళోనూ విన్నాను. వాటా కోసం వకీలు ఎంత తక్కువకైనా తొందరగా ఒప్పుకోమంటాడు, నెలనెలా వచ్చే డబ్బు వదులుకోమంటాడు. ఫలితంలో వాటా అడగటం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. 2017 డిసెంబరులో తెలంగాణకు చెందిన బి. సునీత కేసులో సుప్రీంకోర్టు ఇటువంటి ఒప్పందం చట్టవిరుద్ధమన్నది. ఫీజు బాకీ ఉందని ఫైలు ఆపుకోవటం కూడా తప్పేనని అదే కోర్టు 2000లోనే చెప్పింది. ఫైలు ఆమెది. అడిగి తెచ్చుకునే ధైర్యం ఆమెకు లేకపోతే మనం వెంట పోవాలి. ఆదాయంతో పనిలేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయసహాయం హక్కని 1987 చట్టం చెబుతుంది. కాని ఆ వకీళ్ళకు మనం ఇచ్చే విలువెంత, ప్రభుత్వమిచ్చే డబ్బెంత? ఉచితంగా వచ్చింది కదాని అరకొర పని చాలని ఎందుకు ఒప్పుకోవాలి?

అందుకని మిత్రులారా, ముందు మన రిజిస్టర్లు మారుద్దాం. "రాజీ అయింది" అన్న గడి కొట్టేద్దాం. దాని బదులు పిటిషన్ తేదీ, మొదటి రూపాయి ఆమె చేతికందిన తేదీ, వసూలు గడువు, ఇప్పుడు ఆమె ఎవరి ఇంట్లో ఉంటున్నదీ రాద్దాం. మన జిల్లాలో మనం పంపే ప్రతి వకీలును ఈ నాలుగు గడులతోనే కొలుద్దాం. రాజీ తప్పదంటే కోర్టు ఉత్తర్వుగా రాయించకుండా, కేసు తీసేసుకుని మాత్రం ఎవరినీ పంపవద్దు. నిధులిచ్చేవాళ్ళు "ఎన్ని కుటుంబాలు కలిపారు?" అని లెక్క అడిగితే, ఆ లెక్క మా దగ్గర లేదని చెబుదాం.

నారాయణ్‌ఖేడ్‌లో ఆ రోజు లేచి వస్తుంటే వంకరచెయ్యి ఆమె నన్ను ఆపింది. "మేడమ్, ఇంకో వకీలు దగ్గరికి పోవాలె. ఏమడగాలె ఆయన్ని?" అన్నది. నాలుగు గడులూ ఆమె నోటుబుక్కులో రాసిచ్చాను. ఆమెకు చదవటం రాదు. పక్కనున్న కూతురు పైకి చదివి వినిపించింది. రెండోసారి చదవమన్నదామె. మూడోసారి తనే తప్పులేకుండా అప్పజెప్పింది.